మూత ఉబ్బిన జాడీ

ఆ పొద్దున అమ్మో పిన్ని చెయ్యవలసిన పని ఒక్కటే. బాల్కనీలో ఎండ తగిలే మూల ఉన్న గాజు జాడీని లోపలికి తెచ్చి, గుడ్డలో చుట్టి, భర్త చేతికి ఇవ్వాలి. ఆయన దాన్ని స్కూటరు మీద ప్రింటింగు ప్రెస్సు క్యాంటీనుకు తీసుకువెళ్ళి కూతురికి అందించాలి. చిన్నపిల్లలైనా చేసే పని. కాని చిన్నపిల్లలకు భయమంటే ఏమిటో తెలియదు. అమ్మో పిన్నికి తెలుసు.

ఆవిడ అసలు పేరు ఆ భవనంలో ఎవరికీ గుర్తులేదు. పాలు పొంగితే "అమ్మో", లిఫ్టు ఆగితే "అమ్మో", ఫోను మోగితే "అమ్మో", మోగకపోతే అంతకంటే పెద్ద "అమ్మో". అలా ఆ పేరే స్థిరపడింది. కన్నతల్లికి భయం కాక మరేముంటుంది? భయపడని తల్లులు ఉన్నారంటే వాళ్ళ పిల్లలు ఇంకా బయటికి వెళ్ళలేదన్నమాట.

"అమ్మా, మళ్ళీ చెప్తున్నా. మూత తియ్యకు," అంది కూతురు చెప్పులు తొడుక్కుంటూ.

"నేనెందుకు తీస్తానే?"

"వాసన చూడకు. కడగకు. తడిగుడ్డతో తుడవకు. ఎండ ఎక్కువైందని నీడలోకి జరపకు."

"జరపకుండా నాన్నకెలా ఇవ్వనే?"

"నాన్నకి ఇచ్చేటప్పుడు జరుపు. అమ్మా, ఈ ఒక్కరోజు భయపడకుండా ఉండు. రేపట్నించి నీ ఇష్టం."

"ఏమవుతుందో ఏమో..." అని మొదలుపెట్టబోయింది పిన్ని. అప్పటికే కూతురు మెట్లు దిగిపోయింది.

ఆ రోజు మామూలు రోజు కాదు. క్యాంటీనులో వంట నడిపించే పెద్ద మాస్టరు పని మానేస్తున్నాడు. ఆయన చోటికి ఇద్దరు పోటీ. ఒకరు ఆయన దగ్గరే సహాయంగా వండే పిన్ని కూతురు. రెండోవాడు డబ్బాల మాస్టరు. ఏ కూర వండినా డబ్బా మూత విప్పి వండుతాడని ఆయనకా పేరు. "నేను పెద్దనైతే ఆ అమ్మాయికి గిన్నెలు తోమే పని గ్యారంటీ" అని ఆయన ముందే చాటేశాడు. పరీక్షకు ఏ వంట పెట్టాలో ప్రెస్సులోని వాళ్ళే తేల్చారు. బైండింగు సెక్షను ఆడవాళ్ళందరూ కొరియా సీరియళ్ళు చూసి చూసి, అందులో అందరూ పొగలు కక్కుతూ తినే ఎర్రటి కోడి కూర కావాలన్నారు.

ఆ కూరకు ప్రాణం గోచుజాంగ్ అనే మిరప ముద్ద. కారం, అన్నం, సోయా కలిపి నెలల తరబడి ఎండలో పులియబెడతారు. డబ్బాల మాస్టరు దాన్ని కొని తెచ్చుకున్నాడు. కూతురు మాత్రం, "కొన్నదే వేస్తే ఆయనకీ నాకూ తేడా ఏముంటుంది?" అని చలికాలంలోనే తన చేత్తో కలిపి జాడీకి ఎత్తింది. ఆ రోజునుంచి ఇంట్లో మొక్కకైనా లేని మర్యాద ఆ జాడీకి జరిగింది.

తీర్పు చెప్పేది మేనేజరు గారు. అదొక్కటే అందరికీ అనుమానం. ఆయన ఇన్నేళ్ళలో క్యాంటీనులో ఒక్క ముద్ద తిన్నది లేదు. ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా గదిలో తలుపేసుకుని తింటారు. "మన చేతి కూడు ఆయన గొంతు దిగదులే" అని కార్మికులు చెప్పుకునేవాళ్ళు. పెద్ద మాస్టరు వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ, "నా చివరి కోరిక సార్, ఈ ఒక్కసారి మీ నాలుకే తీర్పు చెప్పాలి" అని పట్టుబట్టడంతో కాదనలేకపోయారు.

పిన్ని బాల్కనీలోకి వెళ్ళింది. జాడీని పట్టుకోబోయి ఆగిపోయింది. రేకు మూత నడిమధ్య బొప్పి కట్టినట్టు ఉబ్బి ఉంది.

ఉబ్బిన డబ్బా తినకూడదని ఎవరికి తెలియదు? ఆవిడ వంగి గాజులోంచి చూసింది. ఎర్రటి ముద్దలో బుడగలు. ఆవిడ చూస్తుండగానే ఒక బుడగ పైకి లేచి, కాసేపు ఆలోచించి, టప్పుమంది.

"అమ్మో! ఇది బతికుంది!"

మూత తియ్యకూడదు. కాని తియ్యకపోతే తెలిసేదెలా? కొద్దిగా, ఒక్క మర తిప్పింది. జాడీ "ఫుస్స్" మని పాములా బుస కొట్టింది. పుల్లటి వాసన ముక్కుకు కొట్టింది. మీద తెల్లటి పొర కూడా కనబడింది. అంతే, పిన్ని కళ్ళ ముందు సినిమా మొదలైంది. బైండింగు ఆడవాళ్ళు కడుపులు పట్టుకుని దొర్లుతున్నారు. మేనేజరు గారు కాగితం రీళ్ళ మీద పడి ఉన్నారు. కూతురి చేతులకు బేడీలు. పేపర్లో ఫోటో. అదీ ఏ ఫోటో? కళ్ళు మూసుకున్నప్పుడు పడ్డ ఫోటోనే వేస్తారు, వాళ్ళకి మంచిది దొరికి చావదు.

కూతురికి ఫోను చేసింది. వంటగదిలో ఫోన్లు కట్టెయ్యాలన్నది క్యాంటీను నియమం. మోగనే లేదు. భర్త పక్క వీధిలో ఏదో గీజరు బిగించడానికి వెళ్ళాడు. ఆలోచించడానికి టైము లేదు. టైమున్నా ఆవిడకి తట్టేది అదే. జాడీని వంటింట్లోకి తెచ్చి, ముక్కు మూసుకుని, ముద్దనంతా గరిటెతో గోకి గోకి సింకులో వేసి, మీద వేడినీళ్ళు కుమ్మరించింది. తర్వాత జాడీని, మూతను, గరిటెను మరిగే నీళ్ళలో ముంచి తీసింది. క్రిములు మొండివి కదా అని మళ్ళీ ముంచింది. ఏమో, చచ్చినట్టు నటిస్తాయేమోనని ఇంకోసారి ముంచింది.

అప్పుడు గాని ఖాళీ జాడీ కనబడలేదు.

"అమ్మో, నా తల్లి బతుకు!" అని నేల మీద కూలబడింది. కడుపులు కాపాడబోయి కన్నకూతురి నోటి దగ్గర ముద్ద తీసేసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అది.

కూలబడి ఉంటే కూర ఎర్రబడదు. లేచింది. జాడీకి ఎత్తేముందు కూతురు ఒకసారి వేలికొసతో నాకించి చెప్పిన మాట గుర్తుకొచ్చింది: "ముందు తీపి తగలాలమ్మా, దాని వెనకాల కారం రావాలి, పులుపు చివర్లో తలుపేసి పోవాలి." ఇంతే కదా? తీపికి ఖర్జూరాలు నానబెట్టింది. ఎవరి పన్నైనా విరుగుతుందేమోనని గింజలు తీసి, తీశాక మళ్ళీ పిసికి చూసింది. కారం పలచటి గుడ్డలో జల్లించింది, నలక ఎవరి గొంతులోనైనా అడ్డం పడితే? మెత్తగా ఉడికిన అన్నం మెదిపింది. ఐస్‌క్రీము డబ్బాలో దాచుకున్న టమాటా గుజ్జు వేసి సన్న మంట మీద దగ్గరికి వచ్చేదాకా తిప్పింది. రంగు మరీ పచ్చి ఎరుపుగా ఉంటే కాస్త పంచదార నల్లగా మాడ్చి కలిపింది. చివర్లో తలుపెయ్యడానికి వెనిగరు. సోయా గింజలు అలమరలో ఉన్నాయి గాని వాటివంక కన్నెత్తి చూడలేదు. "కుళ్ళి ఇంత పని చేసింది మీరే. మీ మొహం మళ్ళీ చూడను," అని ఆ డబ్బాను వెనక్కి నెట్టేసింది.

రుచి చూసింది. తీపి వచ్చింది. కారం వచ్చింది. పులుపు తలుపేసి పోయింది. అమ్మో పిన్నికి ఒక్క క్షణం భయం కలగలేదు. ఆ విషయానికే ఆవిడకు మళ్ళీ భయమేసింది.

ముద్దను జాడీకి ఎత్తి, మూత గట్టిగా బిగించి, గుడ్డలో చుట్టి గుమ్మం దగ్గర పెట్టిందో లేదో, కింది ఇంట్లోంచి కేక వినిపించింది.

"రక్తం! పిన్నీ, రక్తం!"

కింది ఇంట్లో ఉండేది కుట్టుపని చేసే ఆవిడ. అందరూ టైలరమ్మ అంటారు. మెడలో కొలతల టేపు, నోట్లో గుండుసూదులు. ఆ సూదులున్నంతసేపే ఆవిడ నోరు ఊరుకుంటుంది. పిన్ని పరుగెత్తుకు వెళ్ళేసరికి టైలరమ్మ చేతులు కడుక్కునే తొట్టిలోంచి ఎర్రటి నీళ్ళు బుడబుడ పైకి వస్తున్నాయి.

"పైన ఎవరికి ఏమైంది పిన్నీ? బాబాయిగారు బానే ఉన్నారా?"

"బానే ఉన్నారు, గీజరు దగ్గరున్నారు."

"మరి ఎవరి రక్తం?"

పిన్నికి అబద్ధం చెప్పడం చేతకాదు. నిజం చెప్పడానికి ధైర్యం లేదు. "రక్తం కాదే, ఇది... కారం," అంది.

"గొట్టాల్లో కారమేంటి పిన్నీ?"

"గొట్టాలకి కూడా అప్పుడప్పుడూ..." అని ఆగిపోయింది.

నిజమేమిటంటే, ఎండలో చిక్కబడ్డ ఆ ముద్ద రెండిళ్ళకూ కలిసిన గొట్టంలో బిరడాలా బిగుసుకుంది. పై ఇంటి నీళ్ళు దిగే దారిలేక కింది ఇంట్లో పొంగాయి. టైలరమ్మే పక్క వీధికి పరుగెత్తి పిన్ని భర్తను పిలుచుకొచ్చింది. ప్లంబరు ఇంట్లో సింకు పూడుకుపోయిందంటే మంగలి తలకు జడలు కట్టినట్టే. ఆయన దారి పొడుగునా తల దించుకునే నడిచాడు.

"ఏం పోశావు ఇందులో?" అన్నాడు సింకు కింద పడుకుని గొట్టం విప్పుతూ.

"అన్నం మెతుకులు."

"ఎర్ర మెతుకులా?"

"నాకు తల తిరుగుతోందండీ. మీరు తొందరగా బిగించండి. అమ్మాయికి జాడీ అందాలి."

ఆయన గొట్టం విప్పి, అడ్డు లాగి, మళ్ళీ బిగించాడు. సంచీలోంచి మరలకు పూసే ఎర్ర ముద్ద తీసి అతుకుల చుట్టూ దట్టంగా పట్టించాడు. చేతులు తుడుచుకుంటూనే జాడీ తీసుకుని స్కూటరెక్కాడు. ఆయన వెళ్ళడం చూసి పిన్ని గుండెల నిండా గాలి పీల్చుకుంది. గండం గడిచిందనుకుని ఓ గంట నడుం వాల్చి లేచింది.

గండం గడిచిందనుకున్నప్పుడే వంటింటి గట్టు తుడవకూడదు. గట్టు మీద రెండు ఐస్‌క్రీము డబ్బాలు పక్కపక్కన ఉన్నాయి. ఆ ఇంట్లో ఐస్‌క్రీము డబ్బాలో ఐస్‌క్రీము తప్ప అన్నీ ఉంటాయి. ఒకటి ఆవిడ టమాటా గుజ్జు. రెండోది ఆయన గొట్టాలకు పూసే ముద్ద. రెండూ ఎరుపే. రెండూ సగమే ఉన్నాయి. గొట్టాల ముద్దలో నిటారుగా నిలబడి ఉంది, ఆవిడ గరిటె పక్కన పెట్టుకునే చెంచా.

"అమ్మో!"

తాను ఏ డబ్బాలోంచి వేసింది? ఇందులోంచా, అందులోంచా? కంగారులో చేయి ఎటు పోయిందో ఎవరు చూశారు? రుచి చూసింది గదా అంటారేమో. విషానికి రుచి బాగుండకూడదని ఎక్కడుంది? బాగుంటేనే మరీ ప్రమాదం.

భర్తకు ఫోను చేసింది. ఫోను వంటింట్లోనే, సింకు కింద మోగింది.

ఆవిడ మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తింది. వెనకాలే టైలరమ్మ. ఎందుకో తెలియదు, కాని పరుగంటూ జరుగుతుంటే వెనకబడే మనిషి కాదు. టాక్సీ ఎక్కాక ఊపిరి తిప్పుకుని అడిగింది.

"ఎక్కడికి పిన్నీ?"

"ప్రెస్సుకి. కూరలో గొట్టాల మందు కలిపాననుకుంటానే."

"ఎవరికి పెట్టడానికి?"

"అందరికీ."

టైలరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. "ఓ డ్రైవరన్నా, కాస్త తొందరగా పోనీ. ఈవిడ ప్రెస్సు జనానికంతా విషం పెట్టేసింది!"

"నేనలా అన్లేదే!"

కాని మాట అప్పటికే ముందు సీటు దాటేసింది. డ్రైవరు భార్య ఆ ప్రెస్సులోనే బైండింగు చేస్తుంది. కారు ఆపి మరీ ఆమెకు ఫోను చేశాడు. "ఏమే, ఇవాళ ఏదీ ముట్టుకోకు. కూరలో విషమంట." ఆమె సూపర్వైజరుకు చెప్పింది. సూపర్వైజరు, ఎవడో కూరలో విషం కలిపి పారిపోయాడని గేటు దగ్గరి గార్డుకు చెప్పాడు. గార్డు ఆంబులెన్సుకు ఫోను చేసి, లోపలివాళ్ళంతా పోయారన్నట్టుగా ఏడుపు గొంతుతో అడ్రసు చెప్పాడు. టాక్సీ చేరేసరికి చిలికి చిలికి గాలివానై, ప్రెస్సు గేటు మూసి ఉంది.

"ఎవరూ లోపలికెళ్ళడానికి వీల్లేదు. విషం కేసు," అన్నాడు గార్డు.

"ఆ విషం సంగతి చెప్పడానికే వచ్చాను నాయనా!"

"తెలిసిందమ్మా. అందుకే గేటు మూశాం."

"తినొద్దని చెప్పాలి బాబూ, నన్ను పోనీ!"

"చెప్పడానికి లోపలికెళ్ళాలి కదా? లోపలికి ఎవరూ వెళ్ళకూడదు కదా?" అన్నాడు గార్డు, చిన్నపిల్లకు ఎక్కం అప్పజెప్పినట్టు.

పిన్ని ఏడుపు మొదలుపెట్టబోతుండగా టైలరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకొచ్చింది. "ఏమయ్యా, ఇంకా నిలబెట్టి కబుర్లు చెప్తున్నావు? విషం పెట్టింది ఈవిడే!"

అంతే. గేటు తెరుచుకుంది. గార్డు పిన్ని చెయ్యి పట్టుకుని గౌరవంగా, కాని గట్టిగా, లోపలికి నడిపించాడు.

విషం కబురు గేటువైపే పరుగెత్తింది గాని లోపల క్యాంటీను హాలుకు ఇంకా చేరలేదు; అక్కడ వేరే ఉరుము ఉరుముతోంది. మేనేజరు గారి ముందు రెండు గిన్నెలున్నాయి. ఒకటి డబ్బాల మాస్టరుది, రెండోది కూతురిది. పక్క గదిలో కారుతున్న కుళాయి చూడమని పెద్ద మాస్టరు అడగబట్టి, పిన్ని భర్త ఇంకా అక్కడే ఉన్నాడు. మేనేజరు గారు చెంచా చేతిలోకి తీసుకున్నారు. పెట్టేశారు. నుదురు తుడుచుకున్నారు.

"ఇందులో సోయా ఉందా?" అన్నారు నెమ్మదిగా.

డబ్బాల మాస్టరు ఛాతీ విరిచాడు. "అసలు సరుకు సార్! సోయా లేకుండా అది గోచుజాంగే కాదు. కావాలంటే డబ్బా మీద చూసుకోండి."

మేనేజరు గారు కూతురివైపు తిరిగారు. అబద్ధమాడితే పని దొరికేదేమో. కాని ఆ పిల్ల తల్లిలాగే, అబద్ధం నోటికి రాదు.

"నాదాన్లోనూ ఉంది సార్. నేనే ఉడికించి, దంచి కలిపాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి అప్పుడు చెప్పారు, ఇన్నేళ్ళూ దాచుకున్న మాట. సోయా ఒక్క చుక్క తగిలినా ఆయన మొహం ఉబ్బిపోతుంది, గొంతు పూడుకుపోతుంది. చిన్నప్పుడు చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. క్యాంటీనులో ఏ కూరలో ఏ సాసు పోస్తారో తెలియదు. ప్రతిరోజూ వంటవాళ్ళను అడిగి ప్రాణం పీకడం ఎందుకని తన డబ్బా తను తెచ్చుకుంటున్నారు.

"మీరందరూ నాకు పొగరనుకుంటారని తెలుసు," అన్నారు. "ఏం చెయ్యను? పొగరనిపించుకుంటే పోయేది పరువే."

ఆయన లేచారు. "రుచి చూడకుండా తీర్పు చెప్పడం ఇద్దరికీ అన్యాయం. నన్ను క్షమించండి. బయటి కాంట్రాక్టరు ఎవరికైనా అప్పగిద్దాం, గొడవ వదిలిపోతుంది."

కూతురి మొహం పాలిపోయింది. బయటివాడొస్తే తన మనుషులతో వస్తాడు. పెద్ద పని సంగతి దేవుడెరుగు, ఉన్న పనికే నీళ్ళు. సరిగ్గా అప్పుడే తలుపులు దబ్బున తెరుచుకున్నాయి. ముందు గార్డు, వాడి చేతిలో అమ్మో పిన్ని, వెనకాల టేపు ఊపుకుంటూ టైలరమ్మ, ఆమె వెనక స్ట్రెచరుతో ఆంబులెన్సు మనుషులు, ఒక నర్సు.

"తినకండి! ఎవరూ తినకండి!" అని అరిచింది పిన్ని.

"ఎవరూ తినట్లేదు," అన్నారు మేనేజరు గారు.

"అమ్మా!" అంది కూతురు.

"నన్ను క్షమించవే తల్లీ. అది నీ ముద్ద కాదే. నీది బుడగలొచ్చింది. బుస కొట్టింది. నేను సింకులో పోసేశాను."

కూతురు చేతిలోని గరిటె బల్ల మీద పెట్టేసింది. "చలికాలం నుంచి... రోజూ పొద్దున్నే చూసుకుని... సింకులోనా?"

"సింకులోనే. కింద టైలరమ్మ తొట్టిలోకి కూడా వచ్చింది."

"రక్తమనుకున్నా," అని సాక్ష్యం చెప్పింది టైలరమ్మ.

"బుడగలు రావాలమ్మా! పులుస్తుంటే బుడగలు రావా? దానికోసమే కదా ఇన్నాళ్ళూ ఆగింది!" కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి నేను వండింది ఏం ముద్ద? రుచి చూసి ఎంత మురిసిపోయాను, నా చేతిలో ఇంత ఉందా అని!"

"అది నేను అప్పటికప్పుడు కలిపింది. కాని అందులో నాన్న గొట్టాల మందు పడిందేమోనే! చెంచా అందులోనే ఉంది!"

హాలంతా ఒక్కసారి వెనక్కి జరిగింది. నర్సు ముందుకొచ్చింది. డబ్బాల మాస్టరు మాత్రం మీసం దువ్వుకున్నాడు. "చూశారా సార్? ఇంటి సరుకంటే ఇదే. పైపుల మందు!"

పక్క గదిలోంచి పిన్ని భర్త పానా పట్టుకుని వచ్చాడు. "ఏ చెంచా?"

"మీ ఎర్ర డబ్బాలో గుచ్చి ఉంది."

"అది నేను గుచ్చింది. పూసుకోడానికి పుల్లలుండేవి కదా, పేడు గుచ్చుకుంటే చెయ్యి సెప్టిక్ అవుతుందని అన్నీ పారేశావు. చేతికి ఏది దొరికితే దాంతో పూశాను."

"మరి నేను ఏ డబ్బాలోంచి వేశాను?"

"ఆ డబ్బా నా సంచీలోంచి బయటికొచ్చిందే సింకు విప్పాక. నేను వచ్చేసరికే నీ జాడీ గుమ్మంలో గుడ్డ కట్టుకుని కూర్చుంది. నా మందు దాన్లోకి ఎగిరి పడిందా?"

పిన్ని నోరు తెరిచింది. లెక్క సరిపోయింది. జీవితంలో మొదటిసారి, తాను భయపడ్డది జరగలేదని రుజువైంది. ఏం చెయ్యాలో ఆవిడకు తోచలేదు.

ఒక మనిషి మాత్రం ఇంకా కదలకుండా నిలబడి ఉన్నాడు. మేనేజరు గారు ఒక అడుగు ముందుకేశారు.

"అమ్మా, ఏం కలిపారు మీరు?"

"కారం బాబూ. ఖర్జూరం, గింజలు తీశాను. అన్నం, టమాటా, ఉప్పు, మాడ్చిన పంచదార, వెనిగరు."

"సోయా?"

"అయ్యో, అదే కదా కుళ్ళింది! దాని జోలికే పోలేదు."

"జాడీకి అంటుకున్నదైనా?"

"మరిగే నీళ్ళలో ముంచి తీశాను. మళ్ళీ ముంచాను. నమ్మకం లేక ఇంకోసారి కూడా ముంచాను."

ఆయన కూతురివైపు చూశారు. "కూరలో ఇంకేమైనా సాసు పోశావా?"

"లేదు సార్, ఉప్పే," అంది కూతురు. ఆ మాట చెప్తూనే ఆ పిల్లకు సంగతి అర్థమైంది. కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయింది.

మేనేజరు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఒక్క నిమిషం బాబూ!" అంది పిన్ని. "ఆంబులెన్సు వెళ్ళకుండా చూడండి. వెనక తలుపులు కూడా తీసే ఉంచమనండి. ఏమో, ఏమవుతుందో."

నర్సు సూది మందు చేతిలో పట్టుకుని ఆయన పక్కన నిలబడింది. ఆయన ముందుగా పెదవికి ఒక చుక్క తగిలించుకుని ఆగారు. హాల్లో ఉన్నవాళ్ళందరూ ఆయన మొహం వైపే చూస్తున్నారు, పొయ్యి మీద పాలు చూస్తున్నట్టు. ఏమీ పొంగలేదు. ఒక చెంచా తిన్నారు. మళ్ళీ ఆగారు. ముక్కు ఎర్రబడింది.

"అమ్మో!" అంది పిన్ని.

"కారం, పిన్నీ," అంది టైలరమ్మ. "నోర్ముయ్యి కాసేపు."

ఆయన రెండో చెంచా ఆగకుండా తిన్నారు. మూడోదానికి చెంచా పక్కనపెట్టి అన్నం తెమ్మన్నారు. ఇన్నేళ్ళలో ఆ హాల్లో ఆయన అన్నం అడగడం అదే మొదటిసారి. బైండింగు ఆడవాళ్ళు ఈలలు వేశారు. మెషీను సెక్షనువాళ్ళు బల్లలు చరిచారు. పెద్ద మాస్టరు తన తెల్లటి టోపీ తీసి కూతురి నెత్తిన పెట్టాడు. అది కళ్ళ మీదికి జారింది. ఆ పిల్ల పైకి తోసుకోలేదు, ఏడుస్తున్నది కనబడకూడదని.

"తీపి ముందొచ్చింది," అన్నారు మేనేజరు గారు నీళ్ళు తాగి. "కారం దాని వెనకాల వచ్చింది. చివర్లో పులుపు..."

"తలుపేసి పోయిందా బాబూ?" అని అడిగింది పిన్ని ఆత్రంగా.

"గడియ కూడా పెట్టి పోయిందమ్మా."

డబ్బాల మాస్టరు తన గిన్నె ముందుకు తోశాడు. "సార్, ఇది అసలుది. ఆవిడది ఉత్తుత్తిది. నకిలీకి పట్టం కడతారా?"

"మీ అసలుది తింటే నేను ఆ ఆంబులెన్సులో ఉంటాను," అన్నారాయన. "ఈ నకిలీ తిని కుర్చీలో కూర్చున్నాను. రేపట్నించి ఈ క్యాంటీను వంట ఈ అమ్మాయిది. మీరు సరుకు చూసుకోండి, డబ్బాల మీద ఏముందో చదవడం మీకు బాగా అలవాటేగా."

కూతురు టోపీ పైకి తోసుకుని తల్లి దగ్గరికొచ్చింది. తిడుతుందని పిన్ని కళ్ళు మూసుకుంది. ఆ పిల్ల తల్లి భుజం మీద తల వాల్చి, "నిన్ను ఏమనాలో కూడా తెలియట్లేదమ్మా," అంది.

"ఏమీ అనకు. ఆ సోయా ముద్దే వండుంటే, పాపం ఆయన..."

"తినేవారే కాదమ్మా, ముందే అడిగారుగా."

"ఏమో. అడగడం మరిచిపోయుంటే?"

కూతురు నవ్వేసింది. తల్లి భయాలు వినీ వినీ విసిగిపోయిన ఆ పిల్లకు, వాటిలో ఒకటి ఇలా బంగారమై చేతికొస్తుందని ఎవరు చెప్పారు?

ఆంబులెన్సు మనుషులు కూడా కడుపునిండా తిని వెళ్ళారు. నర్సు ఒక గిన్నె కట్టించుకుంది. టాక్సీ డ్రైవరు, "విషం ఇంకా మిగిలిందా?" అని అడిగి కూర్చుని తిన్నాడు. ఇంటికి వచ్చాక టైలరమ్మ ఆ భవనంలో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, గేటు తీయించింది తానేనని ఎవరూ అడగకుండానే చెప్పింది.

ఇప్పుడు క్యాంటీనులో రెండు ఎర్ర ముద్దలున్నాయి. పులిసినది కావాలన్నవాళ్ళకు కూతురు ఎండబెట్టిన కొత్త జాడీ. మేనేజరు గారికీ, ఆయన చుట్టూ చేరి తినేవాళ్ళకూ పిన్ని కలిపిచ్చే జాడీ. ఖాళీ అయ్యేది ముందు రెండోదే. బాల్కనీలో ఉన్న పులుపు జాడీ మూత మీద కూతురు పెద్ద అక్షరాలతో "బుడగలు వస్తాయి, రావాలి" అని రాసి అంటించింది. పిన్ని రోజూ దాన్ని చదువుకుని, దణ్ణం పెట్టి, దూరంనుంచే పలకరించి వస్తుంది.

మొన్న తాను కొత్తగా కలిపిన జాడీని ఎత్తి పట్టుకుని ఆవిడ చాలాసేపు చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత కూతుర్ని కేకేసింది.

"అమ్మో! ఒక్క బుడగైనా రాలేదే ఇందులో, పాడైపోయిందేమో!"